నాలుగో అంతస్తు దాకా వినిపించే గొంతు

దిల్‌సుఖ్‌నగర్‌లో మాదొక లేడీస్ హాస్టల్. నాలుగు అంతస్తులు, లిఫ్ట్ లేదు. బ్యాంకు పరీక్షలకీ, గ్రూప్స్‌కీ, కంప్యూటర్ కోర్సులకీ కోచింగ్ తీసుకునే ఆడపిల్లలుంటారు. వాళ్లని నిద్రలేపడం, గీజర్లు ఆపించడం, ఇడ్లీ చల్లారకముందే కిందికి దింపడం, గేటు వేసే వేళకి లోపలికి రప్పించడం, ఇవన్నీ నేను కింద వంటగది గుమ్మంలో నిలబడి నోటితోనే చేస్తాను. ఒక బెల్లు పెట్టిద్దామని మా ఆయన ఎప్పుడో అన్నారు. తర్వాత ఆయనే వద్దన్నారు. కరెంటు పోతే బెల్లు మోగదు, నేను మోగుతాను.

మా ఆయనకి మాట తక్కువ. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. పెళ్లయిన కొత్తలో, మీ అబ్బాయికి మాటలు వచ్చునా అని మా అత్తగారిని అడిగాను కూడా. తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ నేను మాట్లాడతాను, ఇద్దరి వాటా వినడం ఆయన వింటారు. ఈ ఏర్పాటు మీద మా ఇద్దరికీ ఎప్పుడూ గొడవ రాలేదు.

షుగరూ బీపీ కలిసి నా కిడ్నీలని తినేశాక, వారానికి మూడు ఉదయాలు ఎల్బీ నగర్‌లో ఒక ఆసుపత్రికి డయాలసిస్‌కి వెళ్తున్నాను. మిషను నా రక్తం తీసుకుని, కడిగి, మళ్లీ నాకే ఇస్తుంది. అంతసేపూ కదలకుండా పడుకోవాలి. పడుకోవడం కష్టం కాదు, ఆ పూట హాస్టల్లో ఏం జరుగుతోందో తెలియకపోవడం కష్టం. ఫోన్లో వంటమనిషిని కేకలేస్తుంటే, పక్క మంచాల వాళ్ల బీపీ పెరుగుతోందని అక్కడి టెక్నీషియన్ బతిమాలేవాడు. అయినా సర్దుకున్నాను. నాకు అసలు ఒళ్లుమండింది కిడ్నీల మీద కాదు, వాటి తర్వాత మొదలైన దాని మీద.

మొదట దురద వచ్చింది. దద్దురు లేదు, పొక్కు లేదు, ఉత్త దురద. ఎవరూ చూడకుండా తలుపు అంచుకి వీపు రుద్దుకునేదాన్ని. మా ఊళ్లో గేదెలు చేసే పని నేను హైదరాబాదు వచ్చి చేస్తున్నానని నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. ఆ తర్వాత ఎముకలు. తుంటి, మోకాళ్లు, పక్కటెముకలు, ఒకటని లేదు. ఒకరోజు పై అంతస్తులో పంపు ఎవరు వదిలేశారో చూద్దామని బయల్దేరి, రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇద్దరు పిల్లలు చెరో రెక్కా పట్టుకుని దింపారు. ఆనాటి నుంచి నేను పైకి వెళ్లడం మానేసి నా గొంతుని పంపించడం మొదలుపెట్టాను. కాళ్లు చెయ్యాల్సిన పని కూడా దానిమీదే పడింది.

కిడ్నీ డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"మీ గొంతులో, థైరాయిడ్ వెనకాల, మినపబద్దంత గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో క్యాల్షియం ఎంతుందో చూసుకోవడం వాటి పని. కిడ్నీలు పనిచెయ్యకపోతే ఒంట్లో ఫాస్ఫరస్ పేరుకుంటుంది, క్యాల్షియం తగ్గుతుంది. దాంతో ఈ నాలుగూ కంగారుపడి, ఎముకల్లోంచి క్యాల్షియం లాగి రక్తంలోకి తోస్తున్నాయి."

"అంటే అద్దెకున్నవాళ్లే గోడల్లో ఇటుకలు పీకుతున్నారన్న మాట" అన్నాను.

"అదే. వాళ్లు మంచి చేస్తున్నాం అనుకుంటున్నారు."

హాస్టల్ నడిపేదాన్ని, నాకు ఇంతకంటే బాగా అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేరు. మంచి చేస్తున్నాం అనుకుని పాడుచేసే వాళ్లతోనే నా బతుకంతా గడిచింది.

వైద్యం మొదలైంది. ఫాస్ఫరస్ ఉన్నవి తగ్గించమన్నారు. ఏమిటవి అంటే పాలు, పెరుగు, సున్నుండలు, జీడిపప్పు, కూల్‌డ్రింకులు అన్నారు. కూల్‌డ్రింకులు నేను తాగను కనుక అవి వెంటనే మానేశాను. పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం చేసినట్టే అనిపించని మనిషిని, పెరుగు దగ్గర మాత్రం చాలా రోజులు బేరాలాడాను. చివరికి చిన్న గిన్నెడు దగ్గర ఒప్పందం కుదిరింది. ఆ గిన్నె చూసి మా ఆయన, దేవుడికి నైవేద్యం పెట్టేదా అని అడిగారు. మాట్లాడని మనిషి మాట్లాడితే ఇలాంటివే మాట్లాడతారు.

దీంతోపాటు ఒక పెద్ద మాత్ర. తిండిలో ఉన్న ఫాస్ఫరస్‌ని అది కడుపులోనే పట్టుకుని బయటికి పంపించేస్తుందట. మూడుపూటలా భోజనంతో వేసుకోమన్నారు. నేను ఒక్క పూట తప్పకుండా నెలల తరబడి వేసుకున్నాను. ఫాస్ఫరస్ దిగలేదు, దురద తగ్గలేదు. మందు మంచిది కాదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పాను.

"ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"భోజనం అయ్యాక."

"అయిన ఎంతసేపటికి?"

"చెయ్యి కడుక్కుని, కంచం తీసేసి, బల్ల తుడిచి, పిల్లలకి మజ్జిగ పోయించి, అప్పుడు కూర్చుని తీరిగ్గా వేసుకుంటా."

ఆవిడ కలం పక్కన పెట్టారు. "అమ్మా, అది అన్నంలో కలిసి ఫాస్ఫరస్‌ని పట్టుకోవాలి. అన్నం వెళ్లిపోయాక వచ్చి ఎవర్ని పట్టుకుంటుంది? తింటుండగా వేసుకోండి, మధ్యలో."

తింటుండగా ఎలా వేసుకుంటాను? కుడిచెయ్యి ఎంగిలి. ఆ చేత్తో మాత్రల డబ్బా ముట్టుకుంటే డబ్బా అంతా ఎంగిలి. ఎడంచేత్తో తీసి నోట్లో వేసుకుంటే, పోయిన మా అమ్మ పైనుంచి చూస్తుంది. ముందే తీసి కంచం పక్కన పెట్టుకుంటే దానికి పప్పుచారు తగిలి, మింగడానికి లేకుండా ఉబ్బి కూర్చుంది. ఇంత సంకటం ఆ మందు కనిపెట్టినవాళ్లకి తోచి ఉండదు. వాళ్లు చెంచాలతో తినే మనుషులు.

డయాలసిస్‌లో నా పక్క మంచం ఆవిడది నల్లగొండ వైపు, ఇప్పుడు ఉండేది మన్సూరాబాద్. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. ఆవిడకి ఈ సంగతి చెబితే సూదులు కదిలిపోయేలా నవ్వింది.

"గింత దానికి పరేషాన్ ఎందుకక్కా? ముద్దతోని నోట్లె ఏస్కోని మింగు."

"ఎంగిలి చెయ్యి కదా."

"నీ ఎంగిలే, నీ నోరే. గా మాత్రకేం ఎరుక?"

"మాత్రకి తెలీదు. నాకు తెలుసు కదా."

"అయితే బావతోని ఏయించుకో" అంది.

ఆవిడ వేళాకోళానికే అంది గానీ, మా ఆయన అక్కడే బల్ల మీద కూర్చుని విన్నారు. ఆ మధ్యాహ్నం నేను పప్పన్నం అయి పులుసులోకి వచ్చేసరికి, శుభ్రంగా చెయ్యి కడుక్కుని, డబ్బాతో నా పక్కన నిలబడ్డారు. నోరు తెరవమన్నట్టు సైగ చేశారు. ఆయన వేళ్లు నా మూతికి తగలకుండా పైనుంచి వదిలారు. మొదటిది గడ్డం మీద పడింది, రెండోది పులుసులో పడింది. వారం తిరిగేసరికి చెయ్యి కుదిరింది. నేను రెండో వడ్డన అడగ్గానే ఆయన చెయ్యి నా నోటి మీదికి వచ్చేది.

ఇది ఇంట్లో జరిగితే ఫర్వాలేదు. ఎల్బీ నగర్ దాటాక ఒక ఫంక్షన్ హాల్లో మా వాళ్ల పెళ్లి జరిగింది. ఆడవాళ్ల వరుస ఒకటి, మగవాళ్ల వరుస ఒకటి. నేను పులిహోర ముగించానో లేదో, ఆయన తన విస్తరి ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కొచ్చి, రెండు వందల మంది చూస్తుండగా నా నోట్లో మాత్ర వేసి వెళ్లి కూర్చున్నారు. వరుస వరుసంతా తినడం ఆపేసింది. నా పక్కనున్న ముసలావిడ కళ్లు ఒత్తుకుని, "మా ఆయన పోయేదాకా నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదమ్మా" అంది. మా హాస్టల్ పిల్ల ఒకతె అక్కడికి వచ్చిందట, ఫోన్లో తీసింది. మర్నాడు నాలుగు అంతస్తుల్లోనూ అదే సినిమా. కోపంతో గీజర్లన్నీ కట్టేయించాను.

ఫాస్ఫరస్ దిగింది. కానీ గ్రంథులు దిగిరాలేదు. విటమిన్ డి మాత్ర ఇచ్చారు. తర్వాత వాటిని నేరుగా అదుపు చేసే ఇంకో మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే ఆ గ్రంథుల సంగతేమో గానీ నా కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేది. చివరికి మెడకి స్కాన్ తీశారు. మినపబద్దంత ఉండాల్సినవాటిలో ఒకటి రేగిపండంత అయిందట.

"ఇవి ఇక మందుల మాట వినవు. ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. లేకపోతే ఎముకలు గుల్లవుతాయి, ఊరికే విరుగుతాయి" అన్నారు డాక్టరమ్మ.

సర్జన్ దగ్గరికి పంపించారు. ఆయన బొమ్మ గీసి చూపించాడు. నాలుగింటినీ తీసేసి, అందులో మంచిగా ఉన్నదాని చిన్న ముక్క, డయాలసిస్ సూదులు గుచ్చని చేతిలో, కండలోపల పెడతాడట. అది అక్కడ బతికి కాస్త పని చేస్తుంది. మళ్లీ ఎక్కువ చేస్తే మెడ కొయ్యక్కర్లేదు, చెయ్యి కోసి తీసెయ్యొచ్చు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. అల్లరి చేసేవాళ్లని ఖాళీ చేయించి, ఒక్కదాన్ని మాత్రం ఆఫీసు పక్క గదిలో పెట్టుకోవడం నేనూ చేస్తాను.

"ఒక్క విషయం. గొంతు పలికించే నరం అక్కడినుంచే వెళ్తుంది. జాగ్రత్తగానే చేస్తాం. నూటికి తొంభై పాళ్లు ఏమీ కాదు. అరుదుగా గొంతు బొంగురుపోవచ్చు. కొందరికి గట్టిగా అరవడం రాకపోవచ్చు" అన్నాడు.

ఆ క్షణం నేను డాక్టర్ని చూడలేదు. మా ఆయన మొహం చూశాను. ఆయన చప్పున తల దించుకున్నారు. ఆ తల దించుకోవడం వెనక ఏముందో నాకు తెలియదా? మెట్రో ఎక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

"నా నోరు పడిపోతే మీకు హాయి కదా. దాచుకోకండి. ఇంత కాలానికి దేవుడు మీ మొర విన్నాడు."

ఎదుటి సీటులో పిల్లాడు చెవుల్లోంచి పాటల తీగలు తీసి మరీ వింటున్నాడు. మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "దిగాలి, దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది" అన్నారు. అంతే.

పైకి ఎంత ఎగిరినా లోపల నాకు దడగా ఉంది. ఎముకలు ఎటూ పోతున్నాయి. నడుము పట్టుకుని గుమ్మం దాకా రావడమే గగనం అవుతోంది. ఆ ఇంటిని నిలబెడుతున్నది ఒక్క గొంతే. అదీ పోతే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునే ఒక జబ్బుమనిషిని, అంతే మిగులుతాను. పిల్లలు నా ముందునుంచే చెప్పులు టకటకలాడించుకుంటూ పోతారు. ఆ ఊహకే నాకు ఏడుపొచ్చింది.

పక్క మంచం ఆవిడ ధైర్యం చెప్పబోయింది. "ఏం గాదక్కా. మా ఆడిబిడ్డకు గొంతుకాడ ఆపరేషన్ అయింది గదా."

"గొంతు బాగానే ఉందా?"

"మస్తుగుంది. ఫోన్ల మాట్లాడితే ఎవరో మొగాయన అనుకుంటరు, గంతే."

ఆమె ధైర్యం చెప్పడం అక్కడితో ఆపించాను.

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం మా ఆయన ఫోను పట్టుకుని వంటగదిలోకి వచ్చారు. "ఒకసారి కేకెయ్యి" అన్నారు.

"ఎందుకు?"

"రికార్డు చేద్దాం. పిల్లలకి వినిపించడానికి."

ఉల్లిగడ్డల బండివాడూ, పాత ఇనప సామాన్లవాడూ మైకులో గొంతు పెట్టుకుని తిరగడం ఆయన రోజూ చూస్తున్నారు. అందులోంచి పుట్టింది ఈ ఆలోచన. నా బతుకు పాత ఇనప సామాన్లకి వచ్చిందని ఆయన్ని ఒక దులుపు దులిపాను. తర్వాత గుమ్మంలో నిలబడి, కొంగు దోపుకుని, ఉన్నవన్నీ అరిచాను. టిఫిన్ చల్లారిపోతోంది, గీజర్ ఎవరిది, పంపు కట్టు, గేటు వేసేస్తున్నా, తడి బట్టలు మెట్ల మీద ఆరేసింది ఎవరే. నిజమనుకుని పైనుంచి పదిమంది పరుగెత్తుకొచ్చారు. వాళ్లని పైకి పంపించడానికి ఇంకోసారి అరవాల్సి వచ్చింది, అదీ రికార్డయింది.

ఆపరేషన్ అయింది. నాలుగూ బయటికొచ్చాయి, ముక్క చేతిలోకి వెళ్లింది. మెలకువ వచ్చేసరికి గొంతులో ఇసుక పోసినట్టుంది. సర్జన్ వచ్చి, ఏదైనా మాట్లాడండి అన్నాడు. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

"మత్తిచ్చేటప్పుడు పెట్టిన గొట్టం వల్ల అలా ఉంటుంది. నరం బాగానే ఉంది, రేపటికి వస్తుంది" అన్నాడు.

డాక్టర్లు అలాగే అంటారు. నేను మళ్లీ ప్రయత్నించలేదు. మర్నాడు కూడా చెయ్యలేదు. అడిగినదానికల్లా తల ఊపాను, వేలు చూపించాను. గొంతు పోయిందని తెలుసుకోవడం కంటే తెలియకుండా ఉండటమే నయం అనిపించింది. ఈలోగా పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలోనూ చీమలు పాకినట్టు అయింది. ఇన్నాళ్లూ దోపిడీకి గురైన ఎముకలు ఇప్పుడు ఒక్కసారిగా క్యాల్షియం మొత్తం లోపలికి లాక్కుంటున్నాయని, రక్తంలో తగ్గిపోతోందని చెప్పి సెలైన్‌లో ఎక్కించారు. పొద్దస్తమానం క్యాల్షియం మాత్రలు. నర్సమ్మ మా ఆయనకి గట్టిగా చెప్పింది.

"సార్, జర గుర్తుపెట్టుకోండి. గా పాత మాత్ర బంద్. గీ క్యాల్షియం తిండితోని ఇయ్యొద్దు. తిండికి, దీనికి నడుమ టైముండాలె. పెరుగు మంచిగ తినమనండి."

పెరుగు తినమన్న మాట విని కూడా నేను కిక్కురుమనలేదు. అప్పుడు మా ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ మధ్యాహ్నం కళ్లు మూసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. తెర అవతల కుర్చీలో ఆయన ఉన్నారు. కాసేపటికి సన్నగా ఒక గొంతు వినిపించింది. గీజర్ ఎవరిది, ఆపండే. టిఫిన్ చల్లారిపోతోంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా తగ్గించి, ఆయన నన్ను వింటున్నారు. అయిపోయింది. మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నారు. తడి బట్టలు మెట్ల మీద ఆరేసింది ఎవరే అన్న చోట ముక్కు ఎగబీల్చిన చప్పుడయింది. సర్జన్ గదిలో ఆయన తల ఎందుకు దించుకున్నారో నాకు అప్పుడు తెలిసింది. దుప్పటి మొహం మీదికి లాక్కుని, చప్పుడు రాకుండా ఏడ్చాను.

సాయంత్రం ఇడ్లీ వచ్చింది, పక్కన గిన్నెనిండా పెరుగు. నేను పెరుగులో ఇడ్లీ తుంచుకుని రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆయన అలవాటు కొద్దీ లేచారు. చెయ్యి కడుక్కొచ్చారు. డబ్బాలోంచి తీసి, గురి చూసి, పైనుంచి నా నోట్లో వదిలారు. నాలుక మీద సుద్దముక్క రుచి తగిలింది. అది క్యాల్షియం మాత్ర.

"ఏవండీ, నర్సమ్మ ఏం చెప్పింది? తిండితో వద్దని మొత్తుకుంది కదా. ఇన్నాళ్లూ మధ్యలో వెయ్యమంటే నేర్చుకోవడానికి వారం పట్టింది, ఇప్పుడు వద్దంటే మానడానికి ఎన్నాళ్లు పడుతుంది? మీరసలు చెవులతోనే వింటారా?"

గరగరగా ఉంది, చివర్లో కాస్త జీరపోయింది. కానీ వరండా చివరనుంచి నర్సమ్మ పరుగున వచ్చింది. అవతలి గదిలో ఎవరో టీవీ తగ్గించారు. నాలుగో అంతస్తు కాదు గానీ మూడో అంతస్తు దాకా ఖాయంగా వెళ్తుంది.

నేను మెడ మీది కట్టు తడుముకున్నాను. ఆయన నిలబడ్డవారు నిలబడ్డట్టే మంచం అంచున కూర్చున్నారు. కళ్లనిండా నీళ్లు, మూతి నిండా నవ్వు. కావాలని చేశారా, మర్చిపోయి చేశారా అని ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. అప్పుడు మాత్రం చొక్కాకి చెయ్యి తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి, దాన్ని వేలితో నొక్కుతూ, "ఇంక ఇది అక్కర్లేదు, తీసేస్తా" అన్నారు.

"ఎవరు తియ్యమన్నారు? నేను డయాలసిస్‌కి వచ్చిన పూట హాస్టల్లో ఎవరు అరుస్తారు? మీరా?" అన్నాను.

ఆయన ఫోను మళ్లీ జేబులో పెట్టుకుని, నా పెరుగు గిన్నె నా దగ్గరికి జరిపారు.